"నా దృష్టికి ప్రియుడవు" అని కార్డు వచ్చింది, రెండు నెలలకే పని పోయింది. ఆ వచనం నిజంగా నాకేనా?

కంచరపాలెం_వెల్డర్

అందరికీ వందనాలు. ఎక్కడ అడగాలో తెలీక ఇక్కడ అడుగుతున్నాను, మాట తప్పుగా వస్తే పెద్దవాళ్ళు క్షమించాలి.

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో మా సంఘంలో వాగ్దానం కార్డులు పంచుతారు. పళ్ళెంలో బోర్లా వేసి పెడతారు, ఎవరికి వాళ్ళు ఒకటి తీసుకోవాలి. నాకు యెషయా 43:4 వచ్చింది. "నీవు నా దృష్టికి ప్రియుడవైనందున ఘనుడవైతివి నేను నిన్ను ప్రేమించుచున్నాను." మా ఆవిడ చూసి భలే మాట వచ్చింది నీకు అంది, నాకూ సంతోషం వేసి ఫోన్ పౌచ్ లోపల పెట్టుకున్నాను.

ఫిబ్రవరిలో పని పోయింది. తొమ్మిదేళ్ళు ఒకే చోట కాంట్రాక్టు మీద వెల్డింగ్ చేశాను, పండగ అని చూడలేదు, ఆదివారం అని చూడలేదు, దాని వల్ల సంఘంలో మాటలు కూడా పడ్డాను. ఒకరోజు సాయంత్రం డ్యూటీ దిగుతుంటే ఐడీ కార్డు ఇచ్చేసి వెళ్ళమన్నారు. ఎందుకు సార్ అని అడిగితే సూపర్‌వైజర్ ఫోన్‌లోంచి తల కూడా ఎత్తకుండా "నువ్వు కాకపోతే ఇంకొకడు, వెళ్ళు" అన్నాడు.

మార్చిలో మా ఆవిడ బుట్టకమ్మలు తాకట్టు పెట్టడానికి వెళ్ళాం. వాళ్ళమ్మ కూలి డబ్బులు దాచి చేయించినవి, పెళ్ళప్పుడు పెట్టారు. కౌంటర్‌లో కుర్రాడు వాటిని గీటురాయి మీద గీసి, చుక్క యాసిడ్ వేసి, తూచి, "రాళ్ళ బరువు, లోపల లక్క బరువు తీసేస్తామండీ" అని క్యాలిక్యులేటర్ మా వైపు తిప్పాడు. మా ఆవిడ ఏమీ అనలేదు. బయటికొచ్చాక ఖాళీ చెవులకి కొంగు అడ్డం పెట్టుకుని నడిచింది, అది చూసి నాకు కళ్ళు తిరిగినట్టయింది.

ఇంక ఇది కూడా చెప్పేస్తాను. మందిరం పైకప్పు రేకులకి కానుకలు పోగు చేశారు, ఇచ్చినవాళ్ళ పేరు, ఎంత ఇచ్చారో మైకులో చదివారు. నేను కవర్లో 50 రూపాయలు పెట్టాను. చివర్లో "మరికొందరు" అన్నారు చూడండి, అందులో ఉన్నాను నేను.

నా ప్రశ్న ఒకటే. దేవుడు విశ్వాసుల్ని విలువైన సొత్తుగా చూస్తాడు అని ప్రతి ఆదివారం వింటాం. ఆ మాట నాలాంటివాడికి నిజంగా చెప్పిందా, లేక క్యాలెండర్ల మీద వేసుకోవడానికి బాగుంటుందనా? ప్రార్థన చేయండి బ్రదర్ అని మాత్రం అనకండి, చేస్తూనే ఉన్నాను.

ఆశీర్వాద_ధార

ప్రైజ్ ది లార్డ్ బ్రదర్. వాగ్దానం తప్పదు, మన విశ్వాసమే తప్పుతుంది. మీరు పెట్టిన 50 మీరే చూసుకోండి, కొంచెం విత్తితే కొంచెమే కోస్తారు. ఈ నెల ఒక త్యాగపూరితమైన కానుక విత్తి చూడండి, నూరంతలు తిరిగి వస్తుంది. ఆమెన్ అని పెట్టండి.

సండేస్కూల్_టీచరమ్మ

పైన రాసిన బాబూ, భార్య కమ్మలు తాకట్టు పెట్టుకొచ్చినవాడితో ఇంకా విత్తమంటావేంటి? బీద విధవరాలు రెండు కాసులు వేసినప్పుడు యేసుప్రభువు అందరికంటే ఎక్కువ వేసింది ఈమే అన్నాడు గానీ, ఇంకొంచెం వెయ్యమ్మా నూరంతలు వస్తుంది అనలేదు. నీకు ఇంతే చెప్తాను.

వెల్డర్ తమ్ముడూ, నీ పోస్టు రాత్రి చదివాను, నిద్ర పట్టలేదు. నేను 22 ఏళ్ళుగా పిల్లలకి ఆదివారం పాఠాలు చెప్తున్నాను, మా ఇల్లు పూర్ణా మార్కెట్ దగ్గర. ఒక్క పాఠం మాత్రం ప్రతి ఏడూ చెప్తాను, అదే నీకూ చెప్తాను, చిన్నపిల్లల పాఠం అనుకోకు.

మత్తయి 10వ అధ్యాయంలో రెండు పిచ్చుకలు ఒక కాసుకి అమ్ముతారని ఉంటుంది. లూకా 12కి వస్తే అయిదు పిచ్చుకలు రెండు కాసులకి. లెక్క చూడు. కాసుకి రెండైతే రెండు కాసులకి నాలుగే రావాలి. అయిదోది ఎక్కడిది? కొసరు! మార్కెట్‌లో మనం నాలుగు రకాల కూరలు కొంటే ఆవిడ గుప్పెడు కరివేపాకు సంచిలో పడేస్తుంది చూడు, అలాగ. ఆ రోజుల్లో కూలివాడికి రోజుకి ఒక దేనారం ఇచ్చేవారని మత్తయి 20లో ఉంది, దేనారానికి 16 కాసులు. ఇవాళ కూలి 800 అనుకో, కాసు అంటే 50 రూపాయలు. 100 పెట్టి నాలుగు పిచ్చుకలు కొంటే అయిదోది ఊరికే వస్తుంది. దాని ధర సున్నా. అమ్మేవాడు దాన్ని లెక్కలో కూడా రాయడు.

"వాటిలో ఒకటైనను దేవునియెదుట మరువబడదు" అన్న మాట లూకాలో ఎక్కడుందో చూసుకో, సరిగ్గా ఆ అయిదు పిచ్చుకల లెక్క వెంటనే ఉంది. ఆయన నాలుగింటి దగ్గర ఆగిపోలేదు. కొసరుగా వేసిన పిట్ట కూడా లెక్కలోనే ఉంది. ఆ తర్వాతే తలవెంట్రుకల మాట, మీరు అనేకమైన పిచ్చుకలకంటే శ్రేష్ఠులు అనే మాట వస్తాయి. నీ సంఘంలో చదివిన "మరికొందరు" అంటే ఏంటి తమ్ముడూ, కొసరే కదా.

ఒక్క క్షణం పక్కకి వెళ్తాను, చెప్పకుండా ఉండలేను. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అని ఇద్దరు మన విశాఖపట్నానికే వచ్చి, ఇక్కడే తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తల్ని తెలుగులో పెట్టడం మొదలుపెట్టారు. 1809లో ఒకరు, 1810లో ఇంకొకరు పోయారు. లూకా సువార్త అచ్చయి తెలుగువాళ్ళ చేతికి వచ్చేసరికి ఇద్దరూ లేరు. ఈ పిచ్చుకల మాటని తెలుగులో ఎలా చెప్పాలా అని తల పట్టుకున్నది ఈ ఊళ్ళోనే అనుకుంటే నాకు అదోలా ఉంటుంది. సరే, నీ సంగతికి దాని వల్ల ఒరిగేదేం లేదులే.

పేర్లు చదవడం గురించి మీ పాస్టరు గారితో నేనైతే మాట్లాడతాను. యాకోబు 2 తీసి చూపించు. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మురికిబట్టల బీదవాడికి కాళ్ళ దగ్గర చోటు ఇస్తే మీరు తప్పుడు తీర్పు తీర్చినట్టే అని సూటిగానే ఉంది. కోపంగా వద్దు, మెల్లగా అడుగు.

ఎదురు_ప్రశ్న

టీచరమ్మ గారు చెప్పింది బాగుంది. నేను కొంచెం ముల్లు గుచ్చుతాను, అన్న ఏమీ అనుకోకూడదు.

వాగ్దానం కార్డులంటే నాకు మొదటినుంచీ పడదు. పళ్ళెంలో చెయ్యి పెట్టి చీటీ తియ్యడం, అందులో వచ్చిందే ఈ సంవత్సరం నా జాతకం అనుకోవడం, దీనికీ చిలక జోస్యానికీ తేడా ఏంటో ఎవరైనా చెప్పండి. యెషయా 43 మొదట చెప్పింది యాకోబు సంతతికి, ఇశ్రాయేలుకి. యెరూషలేము పడిపోయి, జనం బబులోనుకి చెరగా వెళ్ళిన సందర్భానికి చెందిన మాటలవి. పొలం పోయింది, గుడి పోయింది, రాజు లేడు. అంటే అన్నా, ఆ మాట వచ్చిందే అన్నీ పోయినవాళ్ళ దగ్గరికి. పని పోయింది కాబట్టి ఆ వచనం అబద్ధం అనుకుంటే, అసలు దాన్ని మొదట విన్నవాళ్ళు ఎవరికీ అది నిజం కాకుండా పోవాలి. నీ కార్డు మీద నాలుగో వచనమే అచ్చేశారు, రెండో వచనం వెయ్యలేదు. "నీవు జలములలో బడి దాటునప్పుడు" అని ఉంటుంది అక్కడ. జలాలు ఉండవు అని కాదు.

మరి ఇశ్రాయేలుకి చెప్పింది మనకెలా వర్తిస్తుంది? దీనికి నాకు దొరికిన దారి పేతురు మొదటి పత్రిక. నిర్గమ 19:5లో దేవుడు ఇశ్రాయేలుతో మీరు నాకు "స్వకీయ సంపాద్యము" అవుతారు అంటాడు. హీబ్రూలో ఆ మాట సెగుల్లా. రాజ్యం మొత్తం రాజుదే అయినా, ఆయన తనకంటూ సొంతంగా దాచుకున్న నిధి వేరే ఉంటుంది, దాన్ని సెగుల్లా అంటారు. దావీదు మందిరం కోసం ఇచ్చిన తన సొంత వెండి బంగారాలకి 1 దినవృత్తాంతములు 29:3లో అదే మాట. మలాకీ 3:17లో మళ్ళీ అదే. పేతురు ఆ భావాన్నే తీసుకుని క్రీస్తుని నమ్మినవాళ్ళని "దేవుని సొత్తైన ప్రజలు" అన్నాడు, 2:9. కాబట్టి మనం ఇశ్రాయేలు ఉత్తరాన్ని దొంగచాటుగా చదువుకోవడం లేదు, అపొస్తలుడే మన చేతికి ఇచ్చాడు.

ఆ పత్రిక ఎవరికి రాశాడో చూడు. పొంతు, గలతీయ, కప్పదొకియ, ఇప్పటి టర్కీ ప్రాంతాల్లో చెదిరిపోయి పరాయివాళ్ళలా బతుకుతున్న జనానికి. అదే రెండో అధ్యాయంలో 18వ వచనానికి వచ్చేసరికి కఠినమైన యజమానుల కింద పనిచేసే దాసులతో మాట్లాడుతున్నాడు. వాళ్ళు సంతలో ధర కట్టి అమ్మే మనుషులు. నిజంగానే ఒక్కొక్కరికీ ఒక రేటు ఉండేది. "నువ్వు కాకపోతే ఇంకొకడు" అనే మాట వాళ్ళు నీకంటే ఎక్కువసార్లు విని ఉంటారు. సంఘంలో ఈ ఉత్తరం చదువుతుంటే వాళ్ళు వెనక నిలబడి, మనం దేవుని సొత్తట అని విన్నారు. ఆ సాయంత్రం మళ్ళీ అదే యజమాని ఇంటికి వెళ్ళారు. నాకు ఈ చోట ఎప్పుడూ కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, వాళ్ళ పరిస్థితి మారలేదు కదా అని. కానీ ఆ మాట మాత్రం వాళ్ళని వదల్లేదు, అందుకే ఉత్తరం దాచుకున్నారు.

ఇంకొకటి. తాకట్టు సంగతి నువ్వే ఎత్తావు కాబట్టి అంటున్నాను. ఆ కుర్రాడు రాళ్ళు, లక్క తీసేసి తూచాడు, అతని లెక్క అతనిది, తప్పు కూడా కాదు. కానీ మీ ఆవిడ వాటిని విడిపించుకోవాలనుకునేది గ్రాముల కోసమా? అదే బరువున్న వేరే కమ్మలిస్తే ఊరుకుంటుందా? పేతురు 1:18లో "వెండి బంగారములవంటి క్షయ వస్తువులచేత మీరు విమోచింపబడలేదు" అంటాడు, క్రీస్తు అమూల్యమైన రక్తం చేత అంటాడు. విమోచన అంటే మనం ఏదో పెద్ద మాట అనుకుంటాం గానీ, తాకట్టు కౌంటర్ దగ్గర రోజూ వాడేదే, విడిపించుకోవడం. తనది కాబట్టి విడిపించుకుంటారు.

బీచ్‌రోడ్_వాకర్

నేను చర్చికి వెళ్ళేవాణ్ణి కాదు, ఊరికే చదువుతున్నాను. ఒక డౌటు. దేవుడికి విశ్వాసులే విలువైనవాళ్ళా? మిగతావాళ్ళం ఏంటి మరి?

సండేస్కూల్_టీచరమ్మ

మంచి ప్రశ్న బాబూ. మనుషులందరినీ దేవుడు తన స్వరూపంలో చేశాడని ఆదికాండం మొదటి అధ్యాయంలోనే ఉంది, కాబట్టి విలువ లేని మనిషి అంటూ లేడు. పిచ్చుకకే విలువ కడితే నిన్నెందుకు వదిలేస్తాడు? విశ్వాసి అంటే ఆ ప్రేమని ఒప్పుకుని ఇంటికి వచ్చిన బిడ్డ అనుకో. లూకా 15లో పది వెండి నాణాల్లో ఒకటి పోతే ఆవిడ దీపం వెలిగించి ఇల్లంతా ఊడ్చింది కదా, మూల పడి ఉన్నప్పుడు కూడా అది ఆవిడ నాణెమే. మనం గొప్ప కాబట్టి ఏరుకున్నాడు అని మాత్రం ఏ విశ్వాసీ అనకూడదు. ద్వితీయోపదేశకాండం 7:7లో మీరు ఎక్కువమంది అని మిమ్మల్ని ప్రేమించలేదు, "మీరు లెక్కకు తక్కువేగదా" అని ముఖం మీదే చెప్పాడు.

జాలరిపేట_కుర్రోడు

నాకు ఇంత బైబిలు రాదు. అన్న రాసింది చదివి ఆగలేక రాస్తున్నాను.

మా నాన్న వేటకెళ్ళి తిరిగి రాలేదు. మూడో రోజు దొరికాడు. సమాధి దగ్గర అయ్యగారు కీర్తన 116:15 చదివారు, "యెహోవా భక్తుల మరణము ఆయన దృష్టికి విలువ గలది" అని. నాకు అప్పుడు 17 ఏళ్ళు. ఆ వాక్యం వినేసరికి ఒళ్ళు మండిపోయింది. మా నాన్న చావు దేవుడికి ముద్దొచ్చిందా అని అక్కడే అరిచాను, మా మేనమామ పట్టుకుని పక్కకి లాక్కెళ్ళాడు. ఏడాది మందిరం గుమ్మం తొక్కలేదు.

తర్వాత అదే అయ్యగారు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని, మా అమ్మ ఎండు నెత్తళ్ళు ఏరుతుంటే ఆమెని అడిగారు, అమ్మా ఈ వేళ చందువా ఎలా ఉంది రేటు అని. అమ్మ "పిరెంగా ఉందయ్యా, ముట్టుకోలేం" అంది. ఆయన నా వైపు తిరిగి, అదేరా ఆ మాట అన్నారు. హీబ్రూలో యాకార్ అంటారట. ప్రియం అంటే ముద్దు అనీ, ఖరీదు అనీ మన తెలుగులో రెండు అర్థాలు ఎలా ఉన్నాయో, అందులోనూ విలువ, ఖరీదు కలిసే ఉన్నాయంట. కీర్తనలో విలువ గలది అన్నదీ అదే మాటట, అన్న కార్డు మీద "ప్రియుడవు" అన్నదీ అదేనట. "మీ నాన్న చావు దేవుడికి బాగుంది అని కాదురా, అది దేవుడికి చవక కాదు అని. పేపర్లో ఒక లైను వేశారు, ప్రభుత్వం ఒక లెక్క రాసుకుంది, అక్కడ అంతే. ఆయన దగ్గర అలా కాదు." ఇంతే చెప్పి మా అమ్మ ఇచ్చిన టీ తాగి వెళ్ళిపోయారు. నేను ఆ ఆదివారం మందిరానికి వెళ్ళానని చెప్పను, వెళ్ళలేదు. కానీ కోపం దిగింది.

అందుకని అన్నా, కార్డు పారెయ్యకు.

ఇంకో మాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం అని తెలుసుగా. బోట్లన్నీ హార్బర్‌లో కట్టేసి ఉన్నాయి, రిపేర్లన్నీ ఇప్పుడే చేయించుకోవాలి, వెల్డర్లు దొరక్క మావాళ్ళు తిట్టుకుంటున్నారు. మా బాబాయి బోటుకి వించి బెడ్ విరిగింది, పక్క బోటుకి ఇంజన్ కింద ప్లేటు తినేసింది. ఉప్పుకి తుప్పు పట్టిన ఇనుము మీద చేయగలవా? చేయగలిగితే చెప్పు.

కంచరపాలెం_వెల్డర్

రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను, అందరివీ చదివాను. టీచరమ్మ గారి పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. కొసరు దగ్గర నవ్వింది, తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. కార్డు పౌచ్‌లోంచి తీసి చూస్తే చెమటకి ఇంకు సగం పోయింది, "ప్రియుడవైనందున" కనిపిస్తోంది, "ఘనుడవైతివి" చెరిగిపోయింది. ఎదురు ప్రశ్న తమ్ముడూ, నువ్వన్నట్టు ఆ కార్డుని జాతకంలాగే చూశాను, ఒప్పుకుంటున్నాను. రెండో వచనం ఇప్పుడు వెనక పెన్నుతో రాసుకున్నాను.

పేర్లు చదివే విషయం పాస్టరు గారిని అడగాలంటే ఇంకా ధైర్యం రావడం లేదు. చూద్దాం.

జాలరిపేట తమ్ముడూ, మీ నాన్నగారి సంగతి చదివి ఏం రాయాలో తెలీలేదు. తుప్పు ఇనుము మీద చేస్తాను, ముందు గ్రైండింగ్ చేసి శుభ్రం చేసుకోవాలి, లేకపోతే వెల్డ్ నిలబడదు. ప్లేటు బాగా తినేస్తే ముక్క కోసి కొత్తది వెయ్యాలి, పైన అతుకు వేస్తే మొదటి వేటలోనే ఊడుతుంది. మీ బాబాయికి ముందే చెప్పు. కూలి గురించి నేనేమీ అడగను, వాళ్ళు ఎంతిస్తే అంత.

జాలరిపేట_కుర్రోడు

కూలి అడుగు అన్నా. ఎంతిస్తే అంత అంటే మావాళ్ళు చేపలిచ్చి పంపించేస్తారు. రేటు చెప్పి గట్టిగా నిలబడు.

రేపు పొద్దున 6 కల్లా ఫిషింగ్ హార్బర్‌కి వచ్చేయ్, ఎండెక్కితే డెక్కు మీద కూర్చోలేం. మిషను, హోల్డరు ఉన్నాయి, నీ అద్దం, గ్లవుజులు నువ్వు తెచ్చుకో. చెప్పులతో రాకు, నూనెకి జారతావు. గేటు దగ్గర పేరు చెప్పి ఉంచుతాను, అందుకని నీ అసలు పేరు మెసేజ్ పెట్టు. "మరికొందరు" అని రాయిస్తే లోపలికి వదలరు.